డైరీ రాస్తే ఏం ఒరుగుతుంది? 37 ఏళ్ళుగా రాస్తున్నవాడి జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారు పోయి ఐదు నెలలైంది. మీది హనుమకొండ, ఉద్యోగం గచ్చిబౌలిలో. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదంటే స్నేహితురాలెవరో డైరీ రాయమంది. ఇంగ్లీషులో మూడు వారాలు రాశారు. రాసిన రోజు ఏడుపు ఇంకా ఎక్కువైంది. పైగా గదిలో ఉండే కేరళ అమ్మాయి చదివేస్తుందేమోనని భయం. ఆపేశారు. "ఇవన్నీ ఉత్త మాటలేనా, నిజంగా ఏమైనా ఒరుగుతుందా? ఏళ్ళ తరబడి రాసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడిగారు.

నేను 1988 జనవరి నుంచి రాస్తున్నాను. సైకాలజీ చదివినవాణ్ణి కాదు. బ్యాంకులో గుమాస్తాగా చేరి, మేనేజరుగా దిగిపోయినవాణ్ణి. అందుకని నేను చెప్పేది కొంచెం లెక్కల మనిషి చెప్పినట్టే ఉంటుంది, ఏమనుకోకండి.

ముందు మీ ఏడుపు సంగతి. అది తప్పు చేసినందుకు వచ్చింది కాదు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు ఈ విషయం మీద చాలా ఏళ్ళు పనిచేశాడు. 1986లో అచ్చయిన ఆయన మొదటి ప్రయోగంలో కాలేజీ పిల్లల చేత రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు రాయించారు. కొందరు ఏదో మామూలు విషయం రాశారు. మిగతావాళ్ళు జీవితంలో తమను బాగా బాధపెట్టిన సంఘటన గురించి రాశారు. ఆ బాధ గురించి రాసినవాళ్ళకి అప్పటికప్పుడు మనసు తేలికపడలేదు సరికదా, ఇంకా కుంగింది. బీపీ కూడా కాస్త పెరిగింది. కానీ తర్వాత ఆరు నెలలు లెక్క చూస్తే, కాలేజీ ఆస్పత్రికి వాళ్ళలో కొందరు వెళ్ళడం తగ్గింది.

అందులో నాకు నచ్చిన మెలిక ఇంకొకటి ఉంది. బాధ గురించి రాసినవాళ్ళను మూడు రకాలుగా విడదీశారు. ఒక గుంపు జరిగింది మాత్రమే రాసింది. ఒక గుంపు అనిపించింది మాత్రమే రాసింది. మూడో గుంపు రెండూ కలిపి రాసింది. ఆస్పత్రి గడప తొక్కడం తగ్గింది ఆ మూడో గుంపుకే. మీ మూడు వారాల డైరీ నేను చూడలేదు. కానీ అందులో ఎక్కువగా "ఈరోజు చాలా బాధగా ఉంది, ఏమీ చేయాలనిపించడం లేదు" లాంటివే ఉంటాయని నా అనుమానం. నేనూ మొదటి ఏడాది అలాగే రాశాను. 1988 డైరీలో "మనసు బాగోలేదు" అని ఎన్నిసార్లు ఉందో ఒకసారి లెక్కపెట్టాను, 41. ఎందుకు బాగోలేదో ఒక్కచోట కూడా లేదు. ఇప్పుడు చదివితే ఎవరో తెలియని మనిషి మూలుగు విన్నట్టు ఉంటుంది.

మా తాతయ్యకి దుగ్గిరాలలో పసుపు కమీషన్ కొట్టు ఉండేది. ఆయన దగ్గర రెండు పుస్తకాలు. ఒకటి చిట్టా. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏది ముందు జరిగితే అది ముందు, ఎవరు ఎన్ని బస్తాలు దింపారు, ఎవరికి ఎంత బయానా ఇచ్చాం, కూలి ఎంత, టీ ఎంత, అన్నీ వరసగా. రెండోది ఆవర్జా. వారానికోసారి చిట్టాలోంచి తీసి ఏ పేరు కింద పడాల్సింది ఆ పేరు కింద ఎక్కించేవాడు. "చిట్టా లేకుండా ఆవర్జా రాసేవాడు దొంగరా, ఆవర్జా రాయకుండా చిట్టా ఒక్కటే రాసేవాడు వెర్రివాడు" అనేవాడు. బ్యాంకులో చేరాక అర్థమైంది, ప్రపంచంలో అకౌంట్స్ అంతా ఇదే. డైరీ కూడా ఇదే అని అర్థం కావడానికి ఇంకో అయిదారేళ్ళు పట్టింది.

మనం తలలో నడిపేదంతా ఆవర్జాయే. "అత్తగారు ఎప్పుడూ ఇంతే", "ఆఫీసులో నన్నెవరూ లెక్కచేయరు", "నాన్నకి నేనేమీ చేయలేకపోయాను". పేరు, దాని కింద మొత్తం. ఆ మొత్తం ఏ పద్దుల్లోంచి వచ్చిందో చూడబోతే చిట్టా ఉండదు. రాయడం వల్ల నాకు ఒరిగింది ఇదీ: చిట్టా చేతికొచ్చింది.

మాటలు కాదు, జరిగింది చెబుతాను.

1993లో నేను క్యాష్ కౌంటర్లో ఉండగా ఒకరోజు 5,000 తక్కువ వచ్చింది. అప్పట్లో అది నాకు దాదాపు నెల జీతం. పక్క కౌంటరు అతను మధ్యాహ్నం నా సీటు దగ్గరికి రెండుసార్లు వచ్చాడు. ఇంక నా మనసంతా అతని మీదే. డబ్బు నేను కట్టాను. అతనితో మాట్లాడటం మానేశాను. నిద్ర లేదు. ఆ వారం మూడు రాత్రులు ఆ రోజును తెల్లవారినప్పటినుంచి రాశాను. మొదటి రాత్రి రాసిందంతా అతని మీద తిట్లే. రెండో రాత్రి కొంచెం నా తిట్లు తగ్గి, టోకెన్ల వరస వచ్చింది. మూడో రాత్రి రాస్తూంటే పన్నెండున్నరకి వచ్చిన పత్తి వ్యాపారి గుర్తొచ్చాడు. ఆయనకి యాభై నోట్ల కట్టలు ఇవ్వాలి. కట్టలు తీస్తున్నప్పుడే మేనేజరు పిలిస్తే తల తిప్పాను. యాభై కట్ట బదులు వంద కట్ట ఒకటి పోయి ఉంటే తేడా సరిగ్గా 5,000. పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

మర్నాడు వెళ్ళి అడిగితే ఆయన లేదన్నాడు. డబ్బు రాలేదు. సినిమాలో అయితే వచ్చేదేమో. కానీ పక్క కౌంటరు అతని మీద అనుమానం ఆ రాత్రితో పోయింది. వారం తర్వాత టీకి పిలిచాను. కారణం చెప్పలేదు, ఇప్పటిదాకా చెప్పలేదు. ఆయన రిటైరై కూతురి దగ్గర బెంగళూరులో ఉన్నాడు, సంక్రాంతికి ఫోన్ చేస్తాడు.

ఆ మూడు రాత్రుల్లో ఏం జరిగిందో ఏళ్ళ తర్వాత పెన్నెబేకర్ రాతలు చూసినప్పుడు తెలిసింది. బాగుపడినవాళ్ళ కాగితాల్లో మొదటి రోజుకీ చివరి రోజుకీ మాటలు మారతాయట. "ఎందుకంటే", "అందువల్ల", "అప్పుడు అర్థమైంది" లాంటివి రోజురోజుకీ పెరుగుతాయట. అంటే కథకి ఒక వరస ఏర్పడుతోందన్నమాట. మీ మూడు వారాల కాగితాలు పారేయకపోతే ఓసారి ఆ కన్నుతో చూడండి. మొదటి పేజీ, చివరి పేజీ ఒకేలా ఉన్నాయా? ఒకేలా ఉంటే ఆ రాత వల్ల మీకు మేలు జరగడం లేదు, ఆపేసి మంచి పనే చేశారు. నిజంగానే అంటున్నాను. 2013లో అమెరికాలోనే, భార్యాభర్తలు విడిపోయిన దాదాపు 90 మంది మీద ఒక ప్రయోగం జరిగింది. జరిగినదానికి అర్థమేమిటా అని అప్పటికే తవ్వుకుంటూ కూర్చునే స్వభావం ఉన్నవాళ్ళకి, గుండె విప్పి రాయడం వల్ల మేలు జరగకపోగా కోలుకోవడం ఆలస్యమైంది. రోజంతా ఏం చేశామో చప్పగా రాసినవాళ్ళే వాళ్ళకన్నా నయంగా ఉన్నారు. పుండు కడగడం వేరు, గీరుకోవడం వేరు కదా.

కాబట్టి డైరీ సర్వరోగ నివారిణి అని చెప్పేవాళ్ళను నమ్మకండి. ఇలాంటి ప్రయోగాలు 146 ఒకచోట కూర్చి 2006లో లెక్క తేల్చారు. సగటున మేలు ఉంది, కానీ చిన్నది. లెక్కల మనిషిగా నాకది నచ్చింది. నెలకి వంద రూపాయల వడ్డీ లాంటిది, ఏటికేడు వదలకుండా వేస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి. ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. మీ నాన్నగారి మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను.

1999 నవంబరులో మా అమ్మని గుంటూరులో ఒక ఆస్పత్రిలో పదకొండు రోజులు ఉంచాం. పన్నెండో రోజు ఇంటికి తెచ్చాం, అంటే ఎలా తెచ్చామో మీకు అర్థమయ్యే ఉంటుంది. తమ్ముడు అప్పుడు విశాఖలో ఉన్నాడు. వాడు చివరి రోజు చుట్టంలా వచ్చి వెళ్ళాడని, పదకొండు రోజులూ నేనే చూశానని నా మనసులో పడిపోయింది. దీపం పెట్టినప్పుడల్లా, తద్దినం పెట్టినప్పుడల్లా ఆ మాట లోపల తిరిగేది. 2011లో తెనాలి ఇల్లు పంచుకునేటప్పుడు నలుగురిలో అనేశాను, "అమ్మ పోయేటప్పుడు నువ్వెక్కడున్నావురా" అని. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. రెండేళ్ళు రాకపోకలు లేవు.

2013లో ఇల్లు మారుతూ అటక మీది డైరీలు దులుపుతుంటే 1999ది చేతికొచ్చింది. నవంబరు పేజీలు తెరవడానికి భయం వేసింది, అయినా తెరిచాను. నా చేతిరాతే. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"9, మంగళ. తమ్ముడు రాత్రి 2కి దిగాడు. రైలు లేటు. అమ్మకి చెంచాతో నీళ్ళు పట్టింది వాడే. నేను వరండాలో నిద్రపోయాను. తెల్లారి లేపాడు, కాఫీ తెచ్చాడు."

"11, గురు. తమ్ముడికి సెలవు దొరకలేదు, వెళ్ళాడు. వెళ్తూ నా జేబులో 3,000 పెట్టాడు, వద్దన్నా వినలేదు."

నాకు ఆ కాఫీ గుర్తులేదు. ఆ 3,000 గుర్తులేదు. వెళ్ళిపోవడం ఒక్కటే గుర్తుంది. పధ్నాలుగేళ్ళు నా తలలో ఆవర్జా తప్పు నడిచింది. చిట్టా సరిగ్గా ఉంది, అటక మీద.

ఆ సాయంత్రం బస్సెక్కి విశాఖ వెళ్ళాను. ఏం మాట్లాడుకున్నామో ఆ రోజు డైరీలో ఉంది, ఇక్కడ రాయను.

మనం అబద్ధాలకోరులమని కాదు. జ్ఞాపకం తీసిన ప్రతిసారీ అప్పటి మన కోపానికి తగ్గట్టు దాన్ని కొంచెం సర్దిపెడతాం. ఏడాదికోసారి ఇస్త్రీ చేసిన చొక్కాకి మడత ఎక్కడ పడుతుందో అక్కడే పడుతుంది. ఆ వేళకి రాసి ఉంచిన నాలుగు ముక్కలు ఒక్కటే మన మాటకి ఎదురు చెప్పగలవు. భార్య చెబితే వినం, స్నేహితుడు చెబితే వినం. మన దస్తూరీ చెబితే వినక తప్పదు.

మీకు ఇది ఎందుకు పనికొస్తుందంటే, "నాన్నకి నేనేమీ చేయలేదు" అని ఒక వాక్యం రాశారు. ఒక్క వాక్యమే, కానీ ప్రశ్న మొత్తం దాని చుట్టూనే తిరుగుతోంది. అది ఆవర్జా. చిట్టా ఏది? ఐదు నెలలే అయింది, ఇంకా చాలావరకు దొరుకుతుంది. ఫోనులో కాల్ లిస్టు ఉంటుంది. బస్సు టికెట్ల మెసేజీలు ఉంటాయి. మందుల షాపుకి మీరు ఫోన్‌పేలో కట్టినవి తేదీతో సహా ఉంటాయి. అవి ముందు పెట్టుకుని, ఆ చివరి మూడు నాలుగు నెలలు తేదీలవారీగా రాయండి. ఏడుపొస్తే రానివ్వండి. మీరు నిజంగానే చేయనివి కూడా కొన్ని అందులో తేలతాయి. తేలనివ్వండి. చేయని రెండింటిని రెండుగా చూడటం, చేయనిది అంతా అని మోయడం, ఈ రెంటికీ బరువులో చాలా తేడా ఉంటుంది.

అయితే ఇది రాత్రి పడుకునే ముందు చేయకండి. పొద్దున్నో, ఆఫీసు నుంచి రాగానే ఓ ఇరవై నిమిషాలో. రాత్రికి వేరే రాత ఉంది. 2018లో అమెరికాలో బేలర్ యూనివర్సిటీ వాళ్ళు 57 మందిని ల్యాబులో పడుకోబెట్టి చూశారు. పడుకునే ముందు 5 నిమిషాలు, సగం మంది గడిచిన కొద్ది రోజుల్లో పూర్తయిన పనులు రాశారు, సగం మంది రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్ళు సగటున 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. నేను ఇది 1990ల నుంచే చేస్తున్నాను, శాస్త్రం తెలిసి కాదు, తెల్లారి లాకర్ తాళాలు మర్చిపోతానేమోనన్న టెన్షన్ వల్ల. "రేపు: గ్యాస్ బుక్ చేయాలి, అక్కయ్యకి ఫోన్, కరెంటు బిల్లు." అంతే. కాగితం మీద పడ్డ పని తలలో అరవడం మానేస్తుంది.

భాష సంగతి. తెలుగు రాయడం చెయ్యి మర్చిపోయిందని ఇంగ్లీషులో రాస్తున్నానన్నారు. ఆఫీసు విషయాలు ఇంగ్లీషులో రాసుకోండి, నేనూ లోన్ల గొడవలు ఇంగ్లీషులోనే రాసేవాణ్ణి. కానీ నాన్నగారు ఫోన్లో "తిన్నవా బిడ్డా" అని ఉంటారు కదా. దాన్ని ఇంగ్లీషులో పెడితే అది హోటల్లో సర్వరు అడిగినట్టు ఉంటుంది. ఆయన ఏ మాట ఏ యాసలో అన్నారో అలాగే రాయండి. వత్తులు తప్పినా, దీర్ఘాలు తప్పినా దిద్దేవాళ్ళెవరూ లేరు. పైగా మీ గదిలో అమ్మాయిది కేరళ అన్నారు. తెలుగులో రాస్తే తాళం కూడా అక్కర్లేదు.

రహస్యం గురించి నేను పెద్దమనిషి తరహాలో సలహా ఇవ్వలేను, ఎందుకంటే ఆ దెబ్బ నేనూ తిన్నాను. 1996 డైరీలో మా అత్తగారి గురించి ఒక పేజీన్నర రాశాను. మా ఆవిడ చదివింది. తొమ్మిది రోజులు మాటల్లేవు. పదో రోజు నేనే ఆ డైరీని స్నానాల బాయిలర్లో వేసేశాను. ఇప్పటికీ నా వరసలో 1996 లేదు. మా అమ్మాయి మొదటిసారి బడికి వెళ్ళింది ఆ ఏడాదే. ఏ రోజు వెళ్ళిందో, ఏడ్చిందో లేదో ఇద్దరికీ గుర్తులేదు. ఒకటిన్నర పేజీ కోపానికి ఏడాది తగలబడింది. అందుకని నా పద్ధతి ఇప్పుడిది: ఎవరి మీదైనా బాగా కోపం వస్తే విడి కాగితం మీద రాస్తాను, ఎంత ఘోరంగా కావాలంటే అంత ఘోరంగా. మర్నాడు చించేస్తాను. డైరీలోకి జరిగింది మాత్రం ఎక్కుతుంది. "ఎవరు చదివినా ఫరవాలేదు" అని మా ఆవిడకి చెప్పేశాను కూడా. అలా చెప్పిన నెలకే ఆవిడకి దాని మీద ఆసక్తి పోయింది. ఈమధ్య నా డైరీ వెనక పేజీల్లో పాలవాడి లెక్క రాస్తోంది.

ఖరీదైన తోలు అట్టల పుస్తకాలు, రంగు పెన్నులు, స్టిక్కర్లు, యాప్‌లో చెట్టు పెరగడాలు, వీటి గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. నచ్చితే కొనుక్కోండి. నావి చాలావరకు ఎల్.ఐ.సి. ఏజెంట్లు, ఎరువుల షాపులవాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చినవే. ఊరికే వచ్చిన పుస్తకంలో తప్పు రాయడానికి భయం ఉండదు, అదొక సుఖం. రోజూ రాయాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. 2007లో నేను రాసింది మొత్తం 60 రోజులు ఉంటుందేమో.

కానీ ఆవర్జా మాత్రం వదలకండి. ఏడాదికోసారి, నేనైతే భోగి ముందు వారంలో, పాత డైరీ మొత్తం చదివి చివరి నాలుగు పేజీల్లో శీర్షికలవారీగా ఎక్కిస్తాను. ఆరోగ్యం. డబ్బు. వచ్చిపోయినవాళ్ళు. మాట పట్టింపులు. ఈ చివరి శీర్షిక వల్లే మా కాపురంలో ఒక పెద్ద రహస్యం బయటపడింది. మా ఆవిడకీ నాకూ పెద్ద గొడవలన్నీ వాళ్ళన్నయ్య వచ్చినప్పుడే అవుతాయని నేను, మా చెల్లెలు వచ్చినప్పుడే అవుతాయని ఆవిడ, ఏళ్ళ తరబడి అనుకున్నాం. ఆరేళ్ళ ఆవర్జా పక్కపక్కన పెట్టి చూస్తే సగానికి పైగా గొడవలు మార్చిలో ఉన్నాయి. బ్యాంకు ఇయర్ క్లోజింగ్! రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి అన్నం చల్లగా ఉందని అరిచినవన్నీ పాపం ఆ బావమరిది ఖాతాలో పడ్డాయి. అప్పటినుంచి మా ఇంట్లో ఒక రూలు, పెళ్ళిసంబంధాలు, స్థలాలు, బంధువుల మాటలు ఏవీ ఏప్రిల్ 5 దాకా ఎత్తకూడదు.

తలనొప్పుల సంగతీ ఇలాగే తేలింది. నాకు కళ్ళజోడు నంబరు మారినప్పుడల్లా మొదలయ్యేవి. డాక్టరుకి తేదీలు చూపిస్తే ఆయన రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు.

మన దగ్గర ఈ అలవాటు కొత్తదేమీ కాదు, యాప్‌లతో వచ్చిందీ కాదు. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ దగ్గర దుబాసీగా, అంటే ఒకరి భాష ఇంకొకరికి చెప్పే ఉద్యోగంలో, ఉన్న ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761లో పోయేదాకా పాతికేళ్ళు తమిళంలో దినచర్య రాశాడు. ఆయనా వ్యాపారి. ఏ ఓడ వచ్చింది, సరుకు ఎంత, గవర్నరు దూప్లే ఏమన్నాడు, ఎవరు తనను చిన్నచూపు చూశారు, అన్నీ ఒకే చిట్టాలో. మనవాళ్ళలో ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం. 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. పదిహేను నెలలు. దారిలో ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ రాళ్ళ బాట, ఏ ఊళ్ళో ఏ వస్తువు దొరుకుతుంది, రాస్తూనే ఉన్నాడు. ఆయన ఆ రాతలన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళై అనే స్నేహితుడికి పంపాడు. అవే 'కాశీయాత్ర చరిత్ర' అయ్యాయి. ఆయన 1836లో పోయాడు, పుస్తకం 1838లో వచ్చింది, ఆ స్నేహితుడి చేతుల మీదుగానే.

ఆయన్ని ఎందుకు గుర్తుచేశానంటే, తనకోసం తాను రాసుకోవడం అందరికీ చేతకాదు. మా ఆవిడకి చేతకాదు. ఖాళీ పేజీ చూస్తే ఆవిడకి విసుగు. కానీ వాళ్ళ అక్కకి ఉత్తరం రాయమంటే ఆరు పేజీలు రాసేది, కాకరకాయ వేపుడు మాడిన దగ్గర్నుంచి. వినేవాళ్ళు ఉన్నారనుకుంటే చెయ్యి కదులుతుంది. మీకూ ఖాళీ పేజీతో ఇబ్బందైతే నాన్నగారికే ఉత్తరంలా మొదలుపెట్టండి. "నాన్నా, ఇవాళ స్కూటీ పంక్చరైంది" అని. ఏడవడానికి కాదు. ఆయన ఉంటే రాత్రి ఫోన్లో ఏం చెప్పేవారో అదే చెప్పండి. మా అమ్మకి నేను 2000 నుంచి ప్రతి నవంబరులో ఒక పేజీ రాస్తాను. తమ్ముడి గొడవ తేలిన ఏడాది మూడు పేజీలైంది.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఐదు నెలలైనా నిద్ర అసలు లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, డైరీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి పూటా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. కాలు విరిగితే డైరీ రాస్తూ కూర్చోం కదా.

అంత దూరం లేకపోతే, రేపు ఆదివారం కాబట్టి మొదలుపెట్టండి. కాల్ లిస్టు తెరిచి నాన్నగారు చివరిసారి ఫోన్ చేసిన తేదీ, టైము, ఎన్ని నిమిషాలు మాట్లాడారో రాయండి. తర్వాత ఆ కాల్లో గుర్తున్న ఒక్క మాట, ఆయన అన్నట్టే. అంతకుమించి ఆ రోజు రాయకండి. మర్నాడు దానికి ముందు కాల్. అలా వెనక్కి వెళ్ళండి. నెల తర్వాత ఎలా ఉందో ఇక్కడే రాస్తే చదువుతాను.

పెన్ను ఏదైనా ఫరవాలేదు కానీ జెల్ పెన్ వద్దు. చెమ్మ తగిలితే అలుక్కుపోతుంది. నా 2003 సగం అలాగే పోయింది, అందులో జూలై నెల మొత్తం నీలం మరకే.